ట్యాంక్‌బండ్ మీది కొలువు

ఖాజాగూడ, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు లేచాక హైదరాబాద్ చూడ్డానికొచ్చిన చుట్టాలకు చూపించేవి మారాయి గానీ, ట్యాంక్‌బండ్ మాత్రం ఆ జాబితాలోంచి పోలేదు. అయితే కారు దిగి, హుస్సేన్‌సాగర్ గట్టు పొడుగునా విగ్రహాల పేర్లు చదువుతూ నడిచేవాళ్లు తక్కువ. శాలివాహనుడు, నన్నయ, మొల్ల, తానీషా, ఆర్థర్ కాటన్, శ్రీశ్రీ: ఏ కాలంలోనూ ఒక్కచోట కూడని సభ అది.

‘తెలుగువారి ఆత్మగౌరవం’ నినాదంతో 1983లో గద్దెనెక్కిన ఎన్.టి. రామారావు ఆ నినాదాన్ని మూడేళ్లు గడిచాక ఈ గట్టు మీద నిలబెట్టారు. మొత్తం 33 విగ్రహాలు. కవులు, సంస్కర్తలే ఎక్కువ. రాజులు కొద్దిమందే: శాలివాహనుడు, కృష్ణదేవరాయలు, తానీషా, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, వాళ్లతోపాటు రాణి రుద్రమ.

నిజానికి రుద్రమకు స్మారకం నిలిపినవాళ్లలో ప్రభుత్వం మొదటిది కాదు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే బంటు 1289లోనే ఆ పని చేశాడు. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇచ్చానని శాసనం వేయించాడు. ఆమె మరణకాలం మనకు తెలిసింది ఆ రాతి వల్లనే. వరంగల్ దగ్గర బొల్లికుంట గుడిలోని రెండు శిల్పాలు రుద్రమవేనని 2017లో పురావస్తు శాఖ వారు ప్రకటించారు. ఒకదాంట్లో ఆమె గుర్రం మీద ఉంది, చేత కత్తి, పైన రాజఛత్రం. రెండోదాంట్లో ఛత్రం లేదు, ఒళ్లు ఓ పక్కకి ఒరిగింది, దగ్గర్లో దున్నపోతు. అది యముడి వాహనమనీ, తిరగబడిన సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె కూలిన ఘట్టమనీ వారి వివరణ. నగరంలో ఎంత పెద్ద విగ్రహం పెట్టినా ఆ ఒరిగిన ఒంటిలోని అలసటను పట్టుకోవడం కష్టమే.

రుద్రమ ఓరుగల్లు పగ్గాలు పట్టిన రోజుల్లోనే, 1263లో, లిథువేనియా రాజు మిండౌగస్ హత్యకు గురయ్యాడు. ఆయన పట్టాభిషేకానికి 750 ఏళ్లు నిండాయని 2003లో విల్నియస్‌లో విగ్రహం పెట్టారు. సోవియట్ పాలన నుంచి బయటపడిన దేశానికి తన తొలి రాజు కావలసొచ్చాడు. ఇక్కడ భాష పేరిట ఏర్పడ్డ రాష్ట్రానికి పూర్వీకుల కొలువు కావలసొచ్చింది.

ఆ కొలువు అందరిదీ కాదన్న గొడవ మొదట్నుంచీ ఉంది. పోతన, రామదాసు, సురవరం, మఖ్దూం ఉన్నా, మొత్తం మీద తెలంగాణ వాటా చిన్నదే. ప్రత్యేక తెలంగాణ ఉద్యమకారుల ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ఆ కోపం విగ్రహాల మీదికి మళ్లింది. శ్రీశ్రీ, జాషువా, అన్నమయ్య కూడా కూలారు. జాషువాను కూలిస్తే ఎవరికి బుద్ధి చెప్పినట్టో నాకు అర్థం కాదు. పడినవాటిని తర్వాత మళ్లీ నిలబెట్టారు, కొమరం భీం కూడా గట్టు మీదికి వచ్చాడు.

ఎంపికలో నాకు తోచే పెద్ద లోటు మరొకటి. ఈ చెరువు 1560ల్లో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో తవ్వించింది. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్నదీ, తెలుగు కవుల నోట ‘మల్కిభరాముడు’ అయిందీ ఆయనే. తెలుగు పేరిట కట్టిన వరుసలో తానీషాను నిలబెట్టినవారికి, ఆ గట్టు వేయించిన రాజు ఎందుకు గుర్తురాలేదో!