ఇన్‌ఫ్లుయెంజా, టీకా, కళాశాల: ఉత్తర తెలంగాణ చరిత్రలో ఒక అధ్యాయం

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా టీకా అంటే ప్రధానంగా మశూచికి వేసేదే. మశూచి సోకితే అమ్మవారు పోసిందని పోచమ్మకు బోనం సమర్పించేవారు కనుక ఆ రోగం ప్రజల స్మృతిలో నిలిచిపోగా, 1918లో కొద్ది నెలల్లోనే దేశమంతటా కోటికి పైగా ప్రాణాలను బలిగొన్న ఇన్‌ఫ్లుయెంజాకు గుడి గానీ జాతర గానీ మిగలలేదు. ఆ ఏడాది జూన్‌లో బొంబాయి రేవులో బయటపడిన ఈ జ్వరం వర్షాకాలం చివర మరింత తీవ్రంగా తిరగబెట్టింది. 1911లో 1,33,74,676గా ఉన్న హైదరాబాద్ సంస్థాన జనాభా 1921 నాటికి 1,24,71,770కి పడిపోవడానికి కరువుతో పాటు ఈ జ్వరమూ కారణమే.

మనుషులకు సోకే ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను శాస్త్రజ్ఞులు 1933లో గాని వేరుచేయలేకపోయారు. పదేళ్ల తరువాత, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాల్క్ తదితరులు ఇన్‌ఫ్లుయెంజా టీకాపై చేపట్టిన పెద్ద పరీక్ష విశ్వవిద్యాలయాల్లో శిక్షణ పొందుతున్న సైనిక విద్యార్థుల మీదనే జరిగింది. ఒకే కప్పు కింద తిని, పడుకుని, చదువుకునే యువకుల మధ్య ఈ రోగం ఎంత వేగంగా పాకుతుందో చూస్తే ఆ ఎంపిక సహజమే. అయితే వైరస్ తన పైపొరను తరచూ మార్చుకుంటుంది కాబట్టి, మశూచి టీకాకు భిన్నంగా ఈ టీకాను ఏటా వేయించుకోవలసి ఉంటుంది. ప్రజారోగ్య వ్యవస్థకు అసలు భారం అక్కడే.

2009లో స్వైన్ ఫ్లూ వ్యాపించాక, మరుసటి ఏడాది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సహా దేశీయ సంస్థలు దానికి టీకాలు తయారుచేశాయి. అయినా విద్యార్థులకు కళాశాల ఆవరణలోనే సామూహికంగా సూది వేయడమన్నది ఈ జిల్లాల్లో విస్తృతంగా కనిపించింది కోవిడ్ కాలంలోనే: 2022 జనవరి 3న 15 నుంచి 17 ఏళ్లవారికి టీకాలు మొదలైనప్పుడు, అదే సంస్థ తయారుచేసిన కోవాగ్జిన్‌ను ఇంటర్మీడియట్ విద్యార్థులకు వేశారు. అంతకుముందు ఏడాది లేని ఏర్పాట్లు వారాల్లో సిద్ధమయ్యాయంటే, లోపించినది సామర్థ్యం కాదనే చెప్పాలి. 1985లో దేశంలో ఆరంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఇన్‌ఫ్లుయెంజా టీకాకు మాత్రం ఇప్పటికీ చోటు దక్కలేదు. దానిని కోరుకునే విద్యార్థి సాధారణంగా సొంత డబ్బుతో కొనుక్కోవలసిందే.