కాణీ తక్కువ రూపాయి

మా చిన్నతనంలో డబ్బంతా రెట్టింపుల లెక్కే, నాన్నా. చిన్నది కాణీ. అంతకన్నా చిన్నవాటిని మా కాలానికి ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండు కాణీలు అర్ధణా, రెండర్ధణాలు అణా, రెండణాలు బేడ, రెండు బేడలు పావలా, రెండు పావలాలు అర్ధరూపాయి. అలా రూపాయికి 64 కాణీలు. యుద్ధకాలంలో వచ్చిన చిల్లు కాణీని మొలతాడుకు కట్టుకుని జమీందారుల్లా తిరిగేవాళ్ళం. 1957లో నయాపైసలొచ్చి ఆ దర్జా కాస్తా పోయింది.

కొట్టు శెట్టిగారు మరమరాలు పొట్లం కడుతూ అడిగేవారు: "కాణీ నుంచి అర్ధరూపాయి దాకా తలా ఒకటి నీ దగ్గరుంటే మొత్తం ఎంతరా?" చెప్పినవాడికి బెల్లం ముక్క. ఆ ముక్క చూడాలంటే భూతద్దం కావాలి! సరే, బెల్లం మాట వదిలెయ్. జవాబు 63, అంటే కాణీ తక్కువ రూపాయి. రెట్టింపుల వరసలో ముందువన్నీ కూడినా తర్వాతిదానికి ఒకటి తక్కువే.

చదరంగం కనిపెట్టినవాడు రాజుని అడిగిందీ ఈ లెక్కే. మొదటి గడికి ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు. గోధుమలని కొందరు, వడ్లని కొందరు అంటారు. అన్నం తినేవాళ్ళం, మనం బియ్యమే అనుకుందాం. మొదటి వరసకి 255 గింజలు, గుప్పెడైనా కావు. రాజు నవ్వాడట. గింజ 25 మిల్లీగ్రాములనుకుంటే రెండు వరసలకి కిలోన్నర దాటుతుంది. సగం బల్లకి నూరు టన్నుల పైమాట. ముందుంది ముసళ్ళ పండగ! మొత్తం 18446744073709551615 గింజలు, 46 వేల కోట్ల టన్నులు. నేడు లోకమంతా పండించే బియ్యంతో తీర్చాలన్నా ఎనిమిది వందల ఏళ్ళు చాలవు.

ఆవలించకు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఆ సంఖ్య చివర 5 ఉంది కనక 5తో తెగుతుంది. అంకెలు కూడితే 87, కనక 3తోనూ తెగుతుంది. మొదటి వరస 255 అంటే 3, 5, 17ల గుణకారం. రెండు వరసలకి దాన్ని 257తో, నాలుగు వరసలకి ఇంకో 65537తో హెచ్చవేస్తే సరి. బల్లంతా కావాలంటే మళ్ళీ 4294967297తో. 3, 5, 17తో మొదలైన ఈ సంఖ్యల వరసలో ఒక్కోదాంట్లో ఒకటి తీసేసి, మిగిలినదాన్ని దానితోనే హెచ్చవేసి, ఒకటి కలిపితే తర్వాతిది వస్తుంది.

ఫ్రాన్సులో ఫెర్మా అని ఒక న్యాయాధికారి ఉండేవాడు. తీరికవేళ లెక్కలతో కాలక్షేపం. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో నమ్మకంగా రాశాడు. మొదటి అయిదూ నిజంగా అలాంటివే, పాపం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడుగా! 1732లో ఆయిలర్ అనే లెక్కల పండితుడు వచ్చి ఆరోది 641తో తెగుతుందని చూపించాడు. 641ని 6700417తో హెచ్చవేసి చూసుకో, కాగితం నేనిస్తాను. ఆ వరసలో 65537 దాటాక ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. సెలవులేగా, నువ్వూ వెతుకు.