360 ముక్కల పేక

పేకాట తెలిసినవాళ్లు ఊరికి వందమంది ఉంటారు. కొత్త పేకని తయారుచేసినవాళ్లు శతాబ్దానికి ఒకరో ఇద్దరో. అందులోనూ ఒక మహారాజు పనిగట్టుకుని వరసగా పేకాటలు కనిపెట్టాడంటే ఆగి చూడాల్సిన విషయమే. ఆయన మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు. కన్నడిగులు ముమ్మడి కృష్ణరాజ అంటారు.

1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక ఇంగ్లిషువాళ్లు ఐదేళ్ల కృష్ణరాజుని గద్దె మీద కూర్చోబెట్టారు. 1830లో నగర ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. రాజుకి పాలించడం చేతకాదంటూ 1831లో గవర్నర్ జనరల్ బెంటింక్ పరిపాలనని కంపెనీ చేతుల్లోకి తీసుకున్నాడు. రాజుకి బిరుదు, భరణం మిగిలాయి. 1868లో పోయేదాకా, అంటే మరో 37 ఏళ్లు, రాజ్యం లేని రాజుగానే బతికాడు.

ఆయన చేతికి దొరికిన ఆట గంజీఫా. మన నిర్మల్‌లో కూడా ఒకప్పుడు ఈ ముక్కలు చేసేవారు. గుండ్రటి ముక్కలు, ఒక్కోదాని మీదా చేత్తో వేసిన బొమ్మ. మొఘల్ గంజీఫాలో 8 రంగులు (మన ఇస్పేటు, కళావరు లాగా). ఒక్కో రంగులో రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు. మొత్తం 96 ముక్కలు. దశావతార గంజీఫాలో అవతారానికో రంగు, 120 ముక్కలు. సగం రంగుల్లో 10 పెద్దది, మిగతా సగంలో 1 పెద్దది. ఈ ఒక్క మెలికతోనే ఆడేవాడి జ్ఞాపకశక్తికి చెమట పడుతుంది.

కృష్ణరాజుకి అది చాల్లేదు. ఆయన పేరు మీదున్న ‘శ్రీతత్త్వనిధి’లో తొమ్మిది నిధులున్నాయి. దేవతామూర్తుల లక్షణాలు వివరించే ఆ గ్రంథంలో చివరి నిధి, కౌతుకనిధి, ఆటలకి కేటాయించాడు. ఆయన పేకల్లో చిన్నది 36 ముక్కలది. పెద్దది, జగన్మోహన, 18 రంగులు, 360 ముక్కలు.

రాజ్యం పోయింది కాబట్టి ఆటల్లో మునిగిపోయాడు అని తేల్చేయడం చాలా తేలిక. కానీ ఆయన ఊరికే కూర్చోలేదు. వంశం నిలబెట్టడానికి చివరిదాకా పోరాడాడు. 1867లో ఇంగ్లిషువాళ్లు ఆయన దత్తత కొడుకుని వారసుడిగా ఒప్పుకున్నారు, 1881లో ఆ కొడుక్కి రాజ్యం తిరిగొచ్చింది. కాబట్టి ఆటల్ని పలాయనం అనను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు: ఈ ఆటలు ఎందుకు జనంలోకి రాలేదు?

ఆయనకి చదరంగం లెక్కలూ ఇష్టం. గుర్రం ఒక్కో గడిలో ఒక్కసారే కాలుపెడుతూ 64 గళ్లూ తిరిగే దారులు కట్టాడు. అది ఒంటరిగా చేసుకోగలిగిన పని. దారి కుదిరిందో లేదో బల్లే చెప్పేస్తుంది. పేకాట అలా కాదు. అది కుదిరిందో లేదో ఎదుటివాడి మొహం చెప్పాలి. నాలాంటి వీకెండ్ డిజైనర్లు అట్టముక్కలు కత్తిరించి స్నేహితుల ముందు పరిస్తే, మూడో రౌండ్‌లో ఎవడో ఒకడు ఫోన్ తీస్తాడు. ఆ రాత్రే రెండు రూల్స్ ఎగిరిపోతాయి. మహారాజు ముందు ఆవలించేదెవరు? “ప్రభూ, ముక్కలు ఎక్కువయ్యాయి” అనేదెవరు?

వైకుంఠపాళికి కర్త పేరు లేదు. ఇల్లిల్లూ తిరిగింది, విసుగు పుట్టించిన భాగాన్ని ఆడేవాళ్లే వదిలేసి ఉంటారు. కృష్ణరాజు ఆటలకి ఆ తిరుగుడు దక్కలేదు. పైగా చేత్తో బొమ్మలు వేసిన 360 ముక్కలు సామాన్యుడు కొనగలిగేవి కావు. ఈలోపు అచ్చులో వచ్చిన చవక 52 ముక్కల పేక మామూలు గంజీఫానే మింగేసింది. ఇవాళ మైసూరు గంజీఫాకి భౌగోళిక గుర్తింపు ఉంది. కొన్నవాళ్లు ఎక్కువగా ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తున్నారు.

అయినా 36 ముక్కల పేక సంగతి నన్ను వదలదు. 360 దాకా వెళ్లగలిగిన మనిషి 36 దగ్గర కూడా ఆగాడంటే, ఆ కొలువులో ఎవరో ఒకరు ఆవలించి ఉంటారనే నా ఊహ. అంతఃపురంలో ఎవరైనా కావచ్చు, ఓ పిల్లాడైనా కావచ్చు. జగన్మోహనని మ్యూజియంలో చూడ్డానికి వదిలేసి, ఆ చిన్న పేకని ఎవరైనా మామూలు అట్ట మీద అచ్చువేస్తే బావుండు. నలుగురం కూర్చుని ఆడితేగానీ ఆయన మంచి డిజైనరో కాదో తేలదు.