ఇంటిపెద్ద దూరమైతే.. ఏ దరఖాస్తు ఎక్కడ?

* అడిగితేనే అందే ప్రయోజనాలు
* పేర్లలో తేడాలతోనే ఆలస్యం

మందమర్రి: బొగ్గుగని కార్మికుడు కన్నుమూసిన ఇంట దినాలు ముగియగానే చుట్టపక్కాలు వెళ్లిపోతారు. భార్య చేతిలో మిగిలేది కాగితాల సంచి. భవిష్యనిధి, పింఛను, గ్రాట్యుటీ, వారసత్వ ఉద్యోగం, బీమా.. దేనికి దానికి వేర్వేరు దరఖాస్తు, వేర్వేరు కార్యాలయం. ఒకచోట ఇచ్చిన సమాచారం మరోచోటికి దానంతటదే చేరదు. గనిలో ఒక్క అర్జీ ఇచ్చి అన్నీ వస్తాయని ఎదురుచూసే కుటుంబాలు నష్టపోతున్నాయి. ఈ నేపథ్యంలో భర్తను కోల్పోయిన మహిళలు తెలుసుకోవాల్సిన అంశాలివి.

మొదట మరణ ధ్రువీకరణ పత్రం

మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. 30 రోజులు దాటితే అధికారుల అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు అవసరమవుతాయి. మరణం ఎక్కడ సంభవిస్తే అక్కడే నమోదు చేయాలన్న విషయాన్ని చాలామంది గమనించరు. ఇంటి వద్ద మరణిస్తే మందమర్రి పురపాలక కార్యాలయంలో, రామకృష్ణాపూర్‌లోని సింగరేణి ఏరియా ఆసుపత్రిలో మరణిస్తే ఆ పట్టణ పురపాలక పరిధిలో, హైదరాబాద్‌ ఆసుపత్రిలో మరణిస్తే అక్కడే నమోదు కావాలి. పదికి తక్కువ కాకుండా ప్రతులు తీసుకోవడం మేలు. దీంతోపాటు మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పొందాలి.

భవిష్యనిధి, పింఛను

సింగరేణి కార్మికుల భవిష్యనిధిని 1948 నాటి చట్టం కింద ఏర్పడిన బొగ్గుగనుల భవిష్యనిధి సంస్థ (సీఎంపీఎఫ్‌) చూస్తుంది. పనిచేసిన గని కార్యాలయం ద్వారా పత్రాలు సీఎంపీఎఫ్‌ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తాయి. భవిష్యనిధి సొమ్ముకు, పింఛనుకు వేర్వేరు పత్రాలు నింపాలి. 1998 మార్చి 31 నుంచి అమల్లో ఉన్న బొగ్గుగనుల పింఛను పథకం కింద పింఛనుదారు మరణిస్తే ఆయన పింఛనులో 60 శాతం భార్యకు అందుతుంది. సర్వీసులో ఉండగా మరణించిన వారి భార్యకూ పింఛను హక్కు ఉంది. మంజూరైన తర్వాత ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వకుంటే చెల్లింపు నిలిచిపోతుంది.

గ్రాట్యుటీకి అయిదేళ్ల నిబంధన లేదు

గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు ఉండాలన్న నియమం మరణించిన కార్మికుడికి వర్తించదు. 1972 నాటి చట్టంలోని ఈ వెసులుబాటు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ కొనసాగుతోంది. సర్వీసులోని ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున లెక్కిస్తారు. 2018 మార్చి 29 నుంచి గరిష్ఠ పరిమితి రూ.20 లక్షలు. కంపెనీ క్వార్టరు, సొసైటీ అప్పు వంటి బకాయిల వివరాలు ముందే తేల్చుకుంటే జాప్యం తగ్గుతుంది.

ఉద్యోగమా.. నెలసరి పరిహారమా?

కుటుంబం ఆచితూచి నిర్ణయించుకోవాల్సిన అంశమిది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం గని ప్రమాదంలో భర్త మరణిస్తే భార్య వయసుతో నిమిత్తం లేకుండా ఉద్యోగం గానీ, నెలసరి పరిహారం గానీ కోరుకోవచ్చు. ఇతర కారణాలతో మరణిస్తే 45 ఏళ్లలోపు వారికి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలుంది. ఆ వయసు దాటితే పరిహారమే. కుమారుడు మైనరై 12 ఏళ్లు నిండి ఉంటే అతని పేరు లైవ్‌ రోస్టర్‌లో ఉంచి, 18 ఏళ్లు వచ్చాక ఉద్యోగం ఇస్తారు. అప్పటివరకు తల్లికి పరిహారం చెల్లిస్తారు. సింగరేణిలో వారసుల గరిష్ఠ వయోపరిమితిని 2024లో 35 నుంచి 40 ఏళ్లకు పెంచారు. పిల్లల వయసు, చదువు చూసుకోకుండా తొందరపడి సంతకం చేయరాదు.

ప్రమాద బీమా, బ్యాంకు బీమా

సింగరేణి కార్మికులకు రూ.కోటి ప్రమాద బీమాను 2024 ఫిబ్రవరి 26న ప్రారంభించారు. ఇది వేతన ఖాతాతో ముడిపడినది. ప్రమాద మరణానికే తప్ప అనారోగ్య మరణానికి వర్తించదు. భర్త బ్యాంకు పాస్‌బుక్కును తప్పక పరిశీలించాలి. ఏటా రూ.436 కోత కనిపిస్తే జీవన జ్యోతి, రూ.20 కనిపిస్తే సురక్ష బీమా ఉన్నట్లే. జీవన జ్యోతి కింద ఏ కారణంతో మరణించినా, సురక్ష కింద ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. ఊళ్లో భూమి భర్త పేరిట ఉంటే 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా సంగతి వ్యవసాయ విస్తరణాధికారిని అడగాలి. 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు మరణిస్తే ఆ పథకం కింద నామినీకి రూ.5 లక్షలు చెల్లిస్తారు.

ఒప్పంద కార్మికుల కుటుంబాలకు..

వీరికి వారసత్వ ఉద్యోగం లేదు. అయినా సీఎంపీఎఫ్‌ లేదా ఈపీఎఫ్‌ సభ్యత్వం ఉందేమో గుత్తేదారును, కంపెనీ అధికారులను అడిగి తెలుసుకోవాలి. ఈపీఎఫ్‌ సభ్యుడైతే పింఛనుతోపాటు దానికి అనుబంధమైన బీమా కింద గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు వస్తుంది. పనిలో ప్రమాదం వల్ల మరణిస్తే చట్టప్రకారం పరిహారం కోరవచ్చు. దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబంలో సంపాదించే వ్యక్తి మరణిస్తే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి రూ.20 వేలు ఇస్తారు. ఇందుకు తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు చేయాలి. అర్హులైన వితంతువులకు ఇచ్చే పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2019లో నెలకు రూ.2,016కు పెంచింది.

పేరు ఒక్కటే కాకుంటే..

గని రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు, ఓటరు కార్డులో ఇంకో ఇంటిపేరు. దస్త్రం వెనక్కి రావడానికి ఇదే ప్రధాన కారణం. మారుపేర్లతో గనుల్లో చేరిన కార్మికుల పిల్లలు ఏళ్ల తరబడి ఉద్యోగాల కోసం తిరిగిన ఉదంతాలు బొగ్గుబావుల ప్రాంతంలో అందరికీ తెలిసినవే. కొలువులో చేరిన నాడు తల్లిని నామినీగా రాసి, పెళ్లయ్యాక మార్చని వారూ ఉన్నారు. అలాంటి ఇళ్లలో అత్తాకోడళ్ల నడుమ వివాదం రేగి సొమ్ము ఆగిపోతుంది. దీన్ని సరిదిద్దడం కార్మికుడు బతికున్నప్పుడు ఒక పూట పని. మరణించాక న్యాయస్థానం మెట్లెక్కాల్సి రావచ్చు.

కార్మికులు భవిష్యనిధి, పింఛను, గ్రాట్యుటీ, బ్యాంకు ఖాతా.. ఈ నాలుగింటిలో నామినీగా ఎవరి పేరుందో గని కార్యాలయంలో, బ్యాంకులో ఇప్పుడే సరిచూసుకోవాలి. ఆ వివరాలు రాసిన కాగితం ఎక్కడ ఉందో భార్యకు చెప్పి ఉంచాలి. భర్తను కోల్పోయిన వారు ప్రతి దరఖాస్తుకూ నకలు ఉంచుకుని, తేదీ, ముద్రతో కూడిన రసీదు అడిగి తీసుకోవాలి.