అతుకు దగ్గరే అసలు కథ: గుడివాడ నుంచి ఎంఐటీ దాకా

మామిడికుదురు నుంచి ఇంకో ఎపిసోడ్. ఇవాళ్టి కథ ఒక అతుకు గురించి.

బీటెక్ ఫైనలియర్‌లో నేనూ నా ఫ్రెండూ ఒక పైపుని, దాన్ని పట్టుకునే బ్రాకెట్టుని కంప్యూటర్‌లో మోడల్ చేశాం. స్క్రీన్ మీద రెండూ అతికినట్టే ఉన్నాయి. లోడ్ ఇచ్చి రన్ చేస్తే, పైపు వంగాల్సింది పోయి మొత్తానికి మొత్తం ఎగిరిపోయినట్టు చూపించింది. మూడు రోజులు మెటీరియల్ నంబర్లు మార్చి చూశాం. తప్పు అక్కడ లేదండి. పైపు మెష్ సన్నం, బ్రాకెట్టు మెష్ పెద్దది. రెండిటి నోడ్లూ ఎక్కడా కలవలేదు. మన కంటికి అతుకు ఉంది, కంప్యూటర్‌కి లేదు.

వలతో చెప్తా, మన కోనసీమ వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది. సన్న కన్ను వలనీ పెద్ద కన్ను వలనీ కలిపి కుట్టాలి అనుకోండి. ఒక పెద్ద కన్నుకి ఎదురుగా మూడు సన్న కన్నులు వస్తాయి. ముడికి ముడి ఎదురైన చోట మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే? బరువు పడగానే సందు తెరుచుకుంటుంది. చేప అక్కడి నుంచే జారిపోతుంది.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి కూడా ఇలాంటి వలే. వస్తువుని చిన్న ముక్కలుగా విడగొట్టి, ముడుల దగ్గర, అంటే నోడ్ల దగ్గర, లెక్క కడతాం. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమాన నిర్మాణాల కోసం రాసిన పేపర్‌తో ఇది ఊపందుకుంది. 1960లో క్లఫ్ దీనికి ఆ పేరు పెట్టారు. కానీ ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. రెండు ముక్కలు నోడ్ల దగ్గర కలిసినా, అంచు మధ్యలో కలవాలని రూలేం లేదు.

1964లో ఎంఐటీ ప్రొఫెసర్ థియోడర్ పయాన్ ఒక దారి చూపించారు. ముక్క లోపలి ఒత్తిడిని ఒక విధంగా, అంచు కదలికని ఇంకో విధంగా ఊహించుకుందాం. అంచు మాత్రం పక్కపక్క ముక్కలు రెండిటికీ ఉమ్మడి. రెండు చేల మధ్య గట్టు లాగా అన్నమాట. వీటినే హైబ్రిడ్ ఎలిమెంట్లు అన్నారు.

ఆ పయాన్ దగ్గరికే మనాయన ఒకాయన వెళ్లారు. అట్లూరి సత్యనాథం గారు. 1945లో గుడివాడలో పుట్టారు. ఇక్కడికి దగ్గరే ఉన్న కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, బెంగళూరు ఐఐఎస్‌సీ మీదుగా ఎంఐటీ చేరి, 1969లో డాక్టరేట్ తీసుకున్నారు. ఆయన పట్టుకున్న సమస్య పగులు. పగులు కొస దగ్గర ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది, మామూలు ముక్కలకి అది అందదు. అక్కడ స్పెషల్ ముక్క పెట్టాలి. పెడితే పక్క ముక్కలతో కలవదు! 1975లో కొబయాషి, నకగాకిలతో కలిసి ఆయన ఆ అతుకుని హైబ్రిడ్ పద్ధతిలో వేశారు.

తర్వాత ఏకంగా ఇంకో ప్రశ్న వేశారు. అసలు వల ఎందుకు? 1998లో ఝూతో కలిసి మెష్ లేకుండా, విడి పాయింట్లతోనే లెక్క కట్టే పద్ధతి ప్రకటించారు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. అలాగని మెష్ పోలేదండోయ్. మెష్ లేని లెక్కకి కంప్యూటర్ శ్రమ ఎక్కువ. అందుకే పరిశ్రమలో ఇప్పటికీ వలే, అతుకుల గొడవా అలాగే ఉంది.

ఇదంతా ప్రొఫెసర్ల గొడవ అనుకోకండి. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఏ అనే సముద్రపు ప్లాట్‌ఫాం కాంక్రీటు పునాది మునిగిపోయింది. దాని గోడలు కలిసే మూలలో మెష్ సరిగ్గా లేక, కోత ఒత్తిడిని 47 శాతం తక్కువగా లెక్కేశారు. స్టీలు కూడా సరిపోలేదు. ప్రాణాలు పోలేదు గానీ వందల కోట్ల నష్టం. చూశారా, మళ్లీ గోడకీ గోడకీ కలిసే చోటే!

గ్యాస్ పైపుల మధ్య బతికే మండలం మాది. అందుకే ఈ నాలుగు చెకింగులు చెప్పకుండా వదలను.

ఒకటి, ఎక్కడా బిగించకుండా ఫ్రీగా వదిలి వైబ్రేషన్ అనాలిసిస్ చెయ్యండి. మొత్తం ఒకే వస్తువైతే సున్నా ఫ్రీక్వెన్సీలు ఆరే రావాలి. ఎక్కువొస్తే ఏదో ముక్క ఊడి ఉంది.

రెండు, వీలైతే రెండు వస్తువులకీ అంచు నోడ్లు ఉమ్మడిగా ఉండేలా మెష్ చెయ్యండి. కుదరకపోతే టై కాంటాక్ట్ పెట్టండి. మామూలుగా సన్న మెష్ ఉన్న వైపు స్లేవ్ అవ్వాలి.

మూడు, సపోర్టుల దగ్గర వచ్చే రియాక్షన్లన్నీ కూడండి. మీరిచ్చిన లోడ్‌కి సమానం కావాలి. ఇది సరిపోయినా అతుకు బాగుందని కాదు, సరిపోకపోతే మాత్రం కచ్చితంగా తేడా ఉంది.

నాలుగు, అతుకు దగ్గర మెష్‌ని ఇంకా సన్నం చేసి మళ్లీ రన్ చెయ్యండి. ఒత్తిడి బాగా మారిపోతే మొదటి జవాబుని నమ్మకండి.

రంగుల బొమ్మ అందరికీ బాగానే కనిపిస్తుందండి. మాక్కూడా ఆ మూడు రోజులూ బాగానే కనిపించింది. వల కొనేవాళ్లు ముందు లాగి చూసేది అతుకునే. మనమూ అక్కడే మొదలెడదాం. ఉంటానండి, ఆయ్!