సంచిలో కేసు షీటు

ఉదయం తొమ్మిది. అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆసుపత్రి ఓపీ. చీటీల వరుసలో మీ ముందు బురఖాలో ఓ పెద్దావిడ. కుడికాలికి కట్టు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఎక్స్‌రే, ఖాళీ మాత్రల అట్టలు, మడతలు పడి చిరుగుతున్న కాగితాలు. ఆమె కేసు షీటంతా ఆ సంచే.

హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ హెల్ప్‌డెస్క్ కుర్రాడు సంచి అందుకుంటాడు.

"ఖాలా, షుగర్ గోళీలు ఎప్పుడు ఆపారు?"

"అయిపోయాయి బేటా. పుండు మానిందనుకున్నా."

పేదల వైద్యానికి పథకాలు లేక కాదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని కింద వైద్య ఖర్చు పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. మంచిదే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల పథకం. కాలు తీసేయాల్సివస్తే ఆదుకుంటుంది. కాలు నిలబెట్టే రోజువారీ గోళీ దాని లెక్కలోకి రాదు. ఆ గోళీ కోసమే 2018 ఏప్రిల్ నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు వెలిశాయి. ఐదు నుంచి పది వేల మందికి ఒకటి చొప్పున అనుకున్నారు. అక్కడ తీసిన రక్తం పరీక్షకు నారాయణగూడలోని ప్రభుత్వ ల్యాబ్‌కు వెళ్తుంది. అంటే గోళీ ఉంది, పరీక్ష ఉంది, పెద్దాసుపత్రీ ఉంది. ఒక డాక్టరు చెప్పింది ఇంకో డాక్టరుకు చేర్చే బాధ్యత మాత్రం కుంటుతున్న ఈ ఖాలాదే.

కుర్రాడు కాగితాలను తేదీల వరుసలో పెట్టి ఫోన్‌లో ఫొటోలు తీస్తాడు. ఎవరికో పంపుతాడు.

ఖాలా ఎక్కిన ఆటో నయాపూల్ దాటి, మదీనా రద్దీలో ఇరుక్కుని, బహదూర్‌పురా మీదుగా ఎన్.ఎస్.కుంట చేరుతుంది. అక్కడి మస్జిద్-ఎ-ఇస్‌హాఖ్‌లో ఆ సంస్థే నడిపే క్లినిక్ ఉంది. మసీదులో దవాఖానా ఏమిటని మీరు ఆశ్చర్యపోతారేమో. బొట్టు పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు మాత్రం తాపీగా తమ వంతు కోసం కూర్చున్నారు.

ఫొటోలు అప్పటికే వచ్చేశాయి. నర్సు కట్టు విప్పుతుంది. డెటాల్ వాసన. వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తుంది. పెదవి విరుస్తుంది. డాక్టరమ్మ మందులు రాసి, ఉస్మానియాకు మళ్లీ వెళ్లాల్సిన తేదీని చీటీ పైన పెద్దక్షరాలతో వేస్తుంది.

"ఎల్లుండి కట్టు మార్చాలి ఖాలా. రాకపోతే ఫోన్ చేస్తాం."

మీ ఇంట్లోనూ ఇలాంటి సంచి ఉండే ఉంటుంది. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన వారంలోపే దాన్ని దగ్గర్లోని బస్తీ దవాఖానా డాక్టరుకు చూపించండి.