గాజు పెట్టెలో భట్టిప్రోలు, పొలంలో బాపట్ల

రేపల్లె వెళ్ళే దారిలో భట్టిప్రోలు స్తూపం చూద్దామని ఆగితే కనబడేది ఇటుకల గుట్టే. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వించేనాటికే పైభాగం చాలావరకు పోయింది. ఇటుకలు రోడ్డు పనులకి, పాలరాతి పలకలు కాలువ కట్టడాలకి తరలిపోయాయి. అయినా అడుగున మూడు రాతి పేటికలు మిగిలాయి. వాటి మీద అక్షరాలు, లోపల స్ఫటికపు భరిణె, బంగారు పూలు. లిపి పండితుడు బూలర్ చదివిన ఆ లిపి మామూలు బ్రాహ్మికి కాస్త ఎడంగా ఉంటుంది. పేటికలు మద్రాసు చేరాయి. 1851లో తెరిచిన అక్కడి మ్యూజియమే అప్పట్లో మన డెల్టాకీ మ్యూజియం. మన ఊరి రాయి చూడాలంటే మనమే రైలెక్కాలి.

అటు నిజాం రాజ్యంలో 1938లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ ప్రదర్శన మొదలై, 1946లో నాంపల్లికి మారింది. అది సరుకుల సంత. సైన్సు కోసం అక్కడికి ఎవరూ వెళ్ళరు.

మన వైపు సైన్సు ప్రదర్శనకి సొంత చోటు 1945లో వచ్చిందని నేనంటాను. ఆ ఏడు బాపట్లలో వ్యవసాయ కళాశాల పెట్టారు. దాన్ని ఎవరూ మ్యూజియం అనరు. కానీ కిసాన్ మేళా రోజున చూడండి: మడి మడికీ రేకు బోర్డు, దాని మీద వంగడం పేరు, పక్కనే గట్టు మీద కండువాతో గింజ నలిపి చూసే రైతు. బోర్డు చదివి ఊరుకోడు, వెన్ను తుంచి నోట్లో వేసుకుంటాడు. గాజు పెట్టెల దగ్గర ఈ వెసులుబాటు ఎక్కడుంది? 1986లో విడుదలైన సాంబ మసూరి ఇక్కడిదే. అందరూ బీపీటీ అనేస్తారు. అది బాపట్ల పేరే. కోయంబత్తూరు జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి కలిసిన సంకరం. అంత సన్నగింజ వెనక అంత వంశవృక్షం!

అసలైన సైన్సు మ్యూజియాలు మాత్రం దూరాన్నే లేచాయి. హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటేరియం 1985లో, దాని సైన్సు మ్యూజియం 1990లో. అక్కడే అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టారు. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో తెరిచారు. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి 2002లో జనానికి అందుబాటులోకొచ్చింది. రేపల్లె పిల్లలు రాత్రి డెల్టా రైలు ఎక్కి, తెనాలిలో కిటికీ వేసుకుని నిద్రపోతే, తెల్లారేసరికి హైదరాబాద్. నక్షత్రాలు చూడ్డానికి ఒక రాత్రి రైలు. ఊళ్ళో డాబా ఎక్కితే అవే చుక్కలు.

ఇక ఊళ్ళో ఏటా జరిగేది బడి ఎగ్జిబిషనే. థర్మోకోల్ అగ్నిపర్వతాలు, బ్యాటరీ ఫ్యాన్లు. ఒక ఏడు ఒక కుర్రాడు అట్టముక్కలతో కాలువ లాకులు చేసుకొచ్చాడు. ఐస్ పుల్లలే తలుపులు. పైనుంచి చెంబుతో నీళ్ళు పోస్తే కాగితం పడవ మెట్టు మెట్టుగా దిగాలి. అట్ట నానిపోయి పడవ మధ్యలోనే కూలబడింది. చూసేవాళ్ళు నవ్వారు. వాడు మాత్రం తడిసిన అట్ట తీసేసి, "ఇక్కడ రాయి పెట్టాలండీ" అన్నాడు.